టాపు లేని బండి బేరం

సంక్రాంతి వెళ్లిన వారంలో మా జీపును అమ్మకానికి పెట్టాం. జీపంటే మహీంద్రా థార్. 2012లో కొన్న డీజిల్ బండి, ఎర్ర రంగు, పైన గుడ్డ టాపు. జిప్పులు లాగి, బటన్లు విప్పి, ఇద్దరు మనుషులు పావుగంట కుస్తీ పడితే టాపు ఊడి వస్తుంది. ఆ తర్వాత నెత్తిమీద ఆకాశమే. విదేశాల్లో బటన్ నొక్కితే టాపు మడుచుకుపోయే స్పోర్ట్స్ కార్లు ఉంటాయట. మన బెజవాడలో మధ్యతరగతి మనిషికి ఆ సరదా తీర్చేది ఇదొక్కటే.

నిజానికి మన ఊరికి అలాంటి బండి దేనికని మీరు అడగొచ్చు. మే నెలలో బందరు రోడ్డు మీద టాపు తీసి వెళ్తే మనిషి అప్పడంలా వేగిపోతాడు. చలిదేశాల వాళ్లు ఎండ కోసం టాపు తీస్తారు, మనం నీడ కోసం చెట్టు వెతుక్కునేవాళ్లం. మేము పదమూడేళ్లలో టాపు తీసింది కార్తీకం నుంచి మాఘం దాకా, అదీ తెల్లవారుజామునే. కరకట్ట మీదుగా వెళ్తుంటే అరటితోటల మీంచి వచ్చే చల్లగాలి, పొగమంచులో తడిసిన చెరుకు వాసన. హంసలదీవి వెళ్లినప్పుడు మా అబ్బాయి వెనక నిలబడి కమ్మీ పట్టుకుని పాడుతూ వచ్చేవాడు. ఇప్పుడు వాడు హాస్టల్లో ఉన్నాడు. ఆయనకేమో నడుము దగ్గర డిస్కు జారింది. గట్టి స్ప్రింగుల బండి ఎక్కవద్దని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు.

"అమ్మేద్దాంలే" అన్నది మావారే. అమ్మే పని మాత్రం నాకొచ్చింది. ఎందుకంటే మొదటిరోజు ఫోన్ చేసిన ఇద్దరినీ ఆయన పంపించేసిన తీరు అలా ఉంది. ఒకాయనతో "ఇది మీలాంటివాళ్లు నడిపే బండి కాదండీ" అన్నారు. ఇంకొకాయన మైలేజీ ఎంతని అడిగితే "మైలేజీ కావాలంటే స్కూటీ కొనుక్కోండి" అన్నారు. ఆయన అమ్మడం లేదు, పెళ్లిచూపులకొచ్చిన వాళ్లని తరిమేస్తున్న ఆడపిల్ల తండ్రిలా ఉన్నారు. ఫోన్ లాక్కుని నా నంబరు పెట్టించాను.

ముందు ప్రకటన తిరగరాశాను. ఆయన రాసింది చదివితే నవ్వొచ్చింది. "రాక్షసుడు, రోడ్డు రారాజు, ఇలాంటిది కృష్ణా జిల్లాలో ఇంకోటి లేదు." బి.ఏ.లో అలంకారాలు చదువుకున్నందుకు ఇన్నాళ్లకి ఒక ప్రయోజనం కనబడింది. ఆయనది అతిశయోక్తి, నాది స్వభావోక్తి. ఉన్నదున్నట్టు చెప్పడం కూడా అలంకారమేనని మా లెక్చరరుగారు చెబితే అప్పట్లో నమ్మబుద్ధి కాలేదు. నేను రాసింది ఇదీ. 2012 మోడల్, మొదటి ఓనరు, 71 వేల కిలోమీటర్లు, ఏపీ 16 నంబరు, లోను లేదు, ఇన్సూరెన్స్ ఆగస్టు దాకా ఉంది. టాపు ఎడమవైపు ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కింది. వానలో డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్లు కారతాయి. ఫలానా ఫలానా మార్పులు చేయించాం.

ఆ "ఫలానా ఫలానా" దగ్గరే అసలు కథంతా ఉంది.

మావారు ఆ బండిని కంపెనీ ఇచ్చినట్టు ఒక్క ఏడాది కూడా ఉంచలేదు. మా ఇంటికి కూతవేటు దూరంలో జవహర్ ఆటోనగర్. ఆసియాలోనే పెద్దదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. 2014లో దాని పేరుతో సినిమా కూడా వచ్చింది. లారీని విప్పి, ముక్కలు చేసి, మళ్లీ లారీగా నిలబెట్టే మనుషులు అక్కడ వీధికి పదిమంది ఉంటారు. వాళ్లకి జీపొక లెక్కా? ప్రతి ఆదివారం ఆయన అక్కడే. పెద్ద టైర్లు, వాటికి తగ్గట్టు బండిని పైకి లేపే స్ప్రింగులు, ముందు ఇనుప బంపరు, దాని మీద తాడు చుట్టిన వించి మోటారు, టాపు పైన లైట్ల బద్దె, పక్కన ఏనుగు తొండంలా స్నార్కెల్ గొట్టం, వెనక ఎదురెదురు బెంచీలు పీకేసి ముందుకు చూసే సీట్లు. మిలిటరీ ఆకుపచ్చ రంగు కూడా వేయిస్తానన్నారు ఒకసారి. ఆ రంగు సైన్యం బండ్లకి తప్ప ఇంకెవరికీ వేయకూడదని రూలు ఉందని పెయింటర్ మేస్త్రీయే చెప్పి ఆపాడు. ఆ మేస్త్రీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మనవైపు బండి రూపం మార్చుకోవడం కొత్తేమీ కాదనుకోండి. 1982లో నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ గారు పాత షెవర్లే వ్యాను మార్పించుకుని చైతన్యరథం అని రాష్ట్రమంతా తిరిగారు. మావారు ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో. "ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, మీరేమయ్యారు?" అంటే నవ్వి ఊరుకునేవారు.

ప్రకటనలో ధర ఎంత పెట్టాలని కూర్చున్నప్పుడు బీరువాలోంచి బిల్లులన్నీ తీయించాను. మార్పులకి లక్షా ఇరవై వేలు అయిందని నాకు పదేళ్లుగా తెలిసిన లెక్క. బిల్లులు కూడితే 3 లక్షల 46 వేలు. బిల్లు లేనివి వేరే. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయను.

ఆయన వాదన ఏమిటంటే, పాత బండి ధరకి ఈ మూడున్నర లక్షల్లో కనీసం సగమైనా కలపాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మీరే ఆలోచించండి. మనం ఇల్లు కట్టుకుని, ముచ్చటపడి పూజగదిలో బంగారు రంగు టైల్స్ వేయించుకుంటాం. కొనేవాడికి ఆ రంగు గిట్టదు. వాడి లెక్కలో టైల్స్ ఖరీదు కలవదు సరికదా, పీకించే కూలి తగ్గుతుంది. బండి అయితే ఇంకా కష్టం. ఇక్కడ రుచితో పాటు చట్టం కూడా ఉంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలు ఆర్సీలో ఎలా ఉన్నాయో బండి అలా ఉండాలి. వాటికి భిన్నంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదువేల జరిమానా, లేదా ఆరునెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ముందు ఇనుప బంపర్ల సంగతైతే 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికి ప్రాణం మీదకి వస్తుందని, లోపల ఉన్నవాళ్లకీ మంచిది కాదని. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులుంటే, రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ. ఇవన్నీ మనకి తెలిసీ తెలియనట్టు నడుపుకున్నాం, సరే. ఇంకొకరి బిడ్డ చేతికి డబ్బు తీసుకుని ఇస్తున్నప్పుడు మాత్రం ఆ మాట వేరు.

నేనన్నాను, "ఆర్సీలో ఏ బండి ఉందో ఆ బండినే అమ్ముదాం. మిగతావి విడిగా అమ్మేయండి" అని. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ "పాత సామాను ఊళ్లో ఉంది, తేవాలి" అన్నారు. అదే ఒప్పుకోవడం.

ఊరంటే కంకిపాడు దాటాక లోపలికి, మా అత్తగారి ఊరు. అసలు టైర్లు, బంపరు, బెంచీలు, మొదటి గుడ్డ టాపు అన్నీ పన్నెండేళ్ల కిందట షెడ్డులో పడేశారు. మేం వెళ్లేసరికి షెడ్డులో రెండు టైర్లే ఉన్నాయి. మిగతా రెండింటి మీద గోలెం నిలబెట్టి పశువులకి కుడితి పోస్తున్నారు. గుడ్డ టాపు ధాన్యం బస్తాల మీద కప్పి ఉంది. తీస్తే ఎలక కొరుకుళ్లు. ఒక బెంచీ అరుగు మీద ఉంది, దాని మీద మా అత్తయ్య కూర్చుని ఉంది.

"అమ్మాయ్, మిగతావన్నీ తీసుకుపోండి. ఈ బల్ల మాత్రం ఇవ్వను. నాకు మోకాళ్లకి సరిగ్గా సరిపోయింది" అంది. ఆమెకి ఎనభై. ఆర్సీ ప్రకారం సీట్లు అని ఆమెకి చెప్పే ధైర్యం నాకూ లేదు, ఆయనకీ లేదు. చివరికి మా మరిది పేక ఆట స్థలంలోంచి ఒక కుర్చీ తెచ్చి, దాని కాళ్లు కోయించి, ఎత్తు చూపించి, దిండు వేసి, అరగంట బతిమాలితే లేచింది. లేస్తూ "కొడుకు సరదాపడి కొనుక్కున్న బండి అమ్మించేస్తున్నావు" అంది. నేను మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడకపోవడమే కాస్త గుచ్చుకుంది.

టైర్లు పాతబడి పగుళ్లిచ్చాయి, చక్రాలు మాత్రం పనికొచ్చాయి. ఆర్సీ సైజులో కొత్త టైర్లు నాలుగు వేయించాం. పాత టాపు పనికిరాదు, ఉన్న టాపుకే పసుపెక్కిన కిటికీ మార్పించాం. ఆటోనగర్‌లో మూడు రోజులు పట్టింది వెనక్కి మార్చడానికి. మేస్త్రీ పని చేస్తూ "పెళ్లికూతురికి నగలు తీసేసినట్టు ఉందమ్మా" అన్నాడు. మావారు అక్కడ నిలబడలేక టీకొట్టు దగ్గరకి వెళ్లిపోయారు. విప్పిన సామాను విడిగా 46 వేలకి పోయింది. మూడున్నర లక్షలు, 46 వేలు. అందులోంచి కొత్త టైర్ల ఖర్చు, కూలి తీసేస్తే మిగిలింది చెప్పుకోదగ్గది కాదు.

ఇక ఫోన్లు. "సార్ లేరా మేడమ్?" అన్నదే అందరి మొదటి మాట. "బండి గురించి సార్‌తో మాట్లాడతాం" అంటారు. నాలుగురోజులకి నేనూ ఆరితేరాను. ఫోర్ వీల్ డ్రైవు పనిచేస్తుందా అంటే "హై, లో రెండూ పడతాయి, మట్టిలో వేసి చూపిస్తాను రండి" అనేదాన్ని. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. పదేళ్లు దాటిన డీజిల్ బండి తుక్కు కింద పోవాలి కదా, అని బేరం తగ్గించబోయారు కొందరు. అది ఢిల్లీ చుట్టుపక్కల నియమం. మన దగ్గర రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత బండి బాగుంటే ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఈ మాట కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకున్నాను, ఎవరికీ తడబడకుండా చెప్పడానికి.

ఒకతను తను మిలిటరీలో ఉన్నానని, బండి చూడక్కర్లేదని, ఫొటోలు చాలని, అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తానని హిందీలో మాట్లాడాడు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడతాయన్నాడు. మన పిన్ కొడితే మన డబ్బు పోతుంది గానీ రాదు. డబ్బు రావడానికి ఎక్కడా పిన్ కొట్టే పనే లేదు. ఇది మీలో ఎవరైనా పాత సోఫా అమ్మినా, మంచం అమ్మినా గుర్తుపెట్టుకోండి. బండి చూడకుండా కొంటానన్నవాడు బండి కోసం ఫోన్ చేసినవాడు కాదు.

అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే. "వరద బండా?"

2024 సెప్టెంబరు మొదటివారం సంగతి తెలియనిదెవరికి? బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఎన్ని కార్లు, ఎన్ని బైకులు పైకప్పు దాకా మునిగాయో. అప్పటినుంచి బెజవాడలో పాత బండి అమ్మేవాళ్లందరికీ ఈ ప్రశ్న తప్పదు. మా వీధిలోకి నీళ్లు రాలేదు. కానీ ఆ రోజుల్లో మా అపార్టుమెంటు వాళ్లంతా కలిసి పులిహోర, మజ్జిగ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు కడితే, మామూలు కార్లు పోలేని చోటికి మా జీపే వెళ్లింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా రోజుకి రెండు మూడు ట్రిప్పులు. ఒకచోట చక్రాలు సగం దాకా నీళ్లలోంచే తెచ్చారు మావారు. ఇంజిన్లోకి నీళ్లు పోలేదు. తర్వాత గేరుబాక్సు, ముందు వెనక యాక్సిళ్ల నూనెలు మార్పించారు. నీళ్లు చేరితే ఆ నూనె పాలు కలిపిన కాఫీలా తేలుతుందట. వెనక యాక్సిల్లో కాస్త అలాగే తేలింది, అందుకే రెండుసార్లు మార్చారు. బిల్లుంది.

మా మరిది "వదినా, ఆ సంగతి ఎత్తకు. మునగలేదు కదా, లేదని చెప్పు, అది అబద్ధం కూడా కాదు" అన్నాడు. తెలివైన మాటే. కానీ "నీళ్లలోకి వెళ్లింది" అని "మునిగింది" అని రెండు వేరువేరు క్రియలు. కొనేవాడికి ఆ తేడా తెలిసే హక్కుంది, మనకి దాచే హక్కు లేదు. ప్రకటన కింద ఆ రెండు లైన్లు కూడా రాశాను. ఫోన్లు సగానికి సగం తగ్గిపోయాయి. ధర చూస్తే అది కూడా తగ్గించక తప్పలేదు, 5 లక్షల 60 నుంచి 5 లక్షల 25కి.

మిగిలిన ఫోన్లలో తేలినవి రెండు బేరాలు.

ఒకాయన పాత బండ్ల బ్రోకరు. చాలా మర్యాదస్తుడు, కాఫీ తాగి గ్లాసు కూడా కడగబోయాడు. హైదరాబాద్‌లో పార్టీ రెడీగా ఉందని, 5 లక్షల 10 వేలు ఇప్పుడే ఇస్తానని అన్నాడు. సంచిలోంచి కాగితాలు తీశాడు. ఫారం 29, 30, వేరే రాష్ట్రానికి పోవడానికి 28. అన్నీ ఖాళీవే. కొనేవాళ్ల పేరు దగ్గర ఏమీ లేదు. "సార్ సంతకాలు పెట్టేస్తే చాలు, పేరు పార్టీ వచ్చాక రాసుకుంటాం. అందరూ ఇలాగే చేస్తారు మేడమ్." నిజమే, అందరూ ఇలాగే చేస్తారు. మా పెదనాన్నగారి అంబాసిడర్ కూడా అలాగే పోయింది.

కానీ ఆ ఖాళీ గడిలో పేరు పడేదాకా బండి ఎవరిది? అమ్మినవాళ్లదే. బండి అమ్మితే మనం పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్లు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకి తెలపాలని 50వ సెక్షన్ చెబుతుంది. 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసొకటి ఉంది. ఒకాయన కారు అమ్మేశాడు. అది చేతులు మారి మారి ఎక్కడికో వెళ్లింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. ప్రమాదం జరిగింది. నష్టపరిహారం బాధ్యత పేరున్న ఆయనదేనని కోర్టు చెప్పింది, ఎప్పుడో అమ్మేశానన్న మాట చెల్లలేదు. ఒక చెరగని అక్షరం కోసం ఒక కుటుంబం ఆస్తులు కరిగిపోవచ్చన్నమాట.

నేను ఆ బ్రోకరుగారిని ఒకటే అడిగాను. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి రవాణా శాఖ అనుమతి పత్రం ఇచ్చే పద్ధతి వచ్చింది. అది ఉన్నవాళ్లకి బండి అప్పగించి, ఫారం 29సి ఆన్‌లైన్లో పెట్టేస్తే అప్పటినుంచి బాధ్యత డీలరుదే. "మీకు ఆ పత్రం ఉందా అన్నయ్యగారూ?" ఆయన మావారి వైపు చూసి నవ్వాడు. "మేడమ్ ఏ డిపార్ట్‌మెంటు సార్?" అన్నాడు. "హోమ్ డిపార్ట్‌మెంటు" అన్నారు మావారు. నెలరోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు అది.

రెండో బేరం నాగాయలంక నుంచి. తండ్రీ కొడుకులు వచ్చారు, తోడు ఒక మెకానిక్. వాళ్లకి రొయ్యల చెరువులు. వానాకాలం గట్ల మీద బైకు జారుతుంది, ట్రాక్టరు ప్రతిదానికీ తీయలేరు. మేత బస్తాలు, ఏరేటర్ల సామాను వేసుకుని అర్ధరాత్రయినా చెరువు దగ్గరకి పోవాలి. ఆక్సిజన్ పడిపోయిందని ఫోన్ వస్తే పది నిమిషాలు ఆలస్యమైనా పంట పోతుందట. తండ్రికి కావాల్సింది బురదలో కదిలే బండి. కొడుక్కి, ఇరవై రెండేళ్లుంటాయేమో, కావాల్సింది ప్రకటన పాత ఫొటోల్లో ఉన్న బండి.

"లైట్ బారు తీసేశారా ఆంటీ?" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. మావారు వాణ్ని పక్కకి తీసుకెళ్లి ఫోన్లో పాత ఫొటోలు చూపించడం మొదలుపెట్టారు. కొనడానికి వచ్చినవాళ్లతో ఆయన పదినిమిషాలకి మించి మాట్లాడటం అదే మొదలు.

మెకానిక్ గట్టివాడు. సీటుబెల్టులు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూశాడు. మ్యాట్లు ఎత్తి వాసన చూశాడు, సీటు బోల్టుల తుప్పు గోటితో గీకాడు, హెడ్‌లైట్లలో నీటి చార కోసం టార్చి వేశాడు. వరద బండి పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు, మీరెవరైనా కొంటుంటే ఇలాగే చూడండి. వెనక యాక్సిల్ నూనె ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూశాడు. నేను బిల్లులు ముందు పెట్టి, నీళ్లలోకి వెళ్లిన సంగతి, నూనె రంగు మారిన సంగతి చెప్పాను.

ఆ పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎక్కడికి పోయింది నీళ్లలో?" అన్నాడు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా, అన్నం ప్యాకెట్లు అందించడానికి, అన్నాను. "మా మేనకోడలు వాళ్లు అక్కడే మూడోరోజు దాకా మేడమీద ఉన్నారమ్మా" అన్నాడు. అంతే. దాని గురించి మళ్లీ మాట్లాడలేదు. అలాగని ధర పెంచాడనుకునేరు. నాలుగున్నర దగ్గర మొదలుపెట్టి 4 లక్షల 65 వేల దగ్గర ఆగిపోయాడు, ఒక్క వెయ్యి కదల్లేదు. వ్యవసాయం చేసేవాడి బేరం వేరు.

బ్రోకరు ఇస్తానన్నదానికీ దీనికీ 45 వేలు తేడా. మా అబ్బాయి హాస్టలు ఫీజులో అదొక పెద్ద ముక్క. ఆ రాత్రి చాలాసేపు లెక్కలు వేసుకున్నాం. మావారు చివరికి "ఆ కుర్రాడు ఫోర్ వీల్ లివరు వేసేటప్పుడు బండి ఆపి వేశాడు, చూశావా? తొందరపడలేదు" అన్నారు. నేను పేరు మారడం గురించి ఆలోచిస్తున్నాను, ఆయన లివరు గురించి. ఇద్దరం ఒకే మాట మీదకి వచ్చాం.

బయానా యాభై వేలు తీసుకున్నాం. తెల్లకాగితం మీద రెండు వైపులా అన్నీ రాశాను. బండి ఉన్న స్థితి, తీసేసిన మార్పులు, వరద నీళ్లు, మిగతా డబ్బు ఎప్పుడు, అప్పగింత ఎప్పుడు. ఫారాల్లో కొనేవాళ్ల పేరు, చిరునామా నింపాకే మావారు సంతకం పెట్టారు. ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టిన రోజే మిగతా డబ్బు బ్యాంకులో పడింది. ఆర్సీలో పేరు మారాకే బండి ఇస్తామంటే పెద్దాయన ఏమనుకుంటాడో అని భయపడ్డాను. ఆయన పంచాంగం చూసి "మాకూ మంచిరోజు పన్నెండు రోజుల తర్వాతే ఉందమ్మా, ఉండనీయండి" అన్నాడు. చట్టం చేయలేని సర్దుబాటు తిథి చేసిపెట్టింది. ఇన్సూరెన్స్ మార్పించుకోవాల్సింది కొన్నవాళ్లు, పద్నాలుగు రోజుల్లో. క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు మాత్రం బండితో పోదు, మనది మనకే ఉంటుంది. సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే మూడేళ్లలోపు కొనే ఇంకో బండికి వాడుకోవచ్చు. ఇది ఎవరూ చెప్పరు, అడిగితేనే ఇస్తారు.

ఆ పన్నెండు రోజులూ బండి మా కింద పార్కింగులోనే ఉంది, మాది కాకుండా. మావారు రోజూ పొద్దున్నే వెళ్లి స్టార్ట్ చేసి, ఐదునిమిషాలు కూర్చుని వచ్చేవారు. బ్యాటరీ కోసమట.

అప్పగించిన రోజు శుక్రవారం. వాళ్లు కొండ మీద అమ్మవారి దగ్గర పూజ చేయించుకుని నిమ్మకాయల దండతో వచ్చారు. నేను అప్పగింత కాగితంలో తేదీతో పాటు టైము కూడా రాశాను, సాయంత్రం 4 గంటల 50 నిమిషాలు. మావారు ఆ అబ్బాయికి టాపు విప్పడం నేర్పించారు. ఏ బటన్ ముందు, ఏ జిప్పు తర్వాత, వానొస్తే ఏ మూల గుడ్డ కుక్కాలి. వాడు శ్రద్ధగా విన్నాడు. టాపు మళ్లీ వేయలేదు, అలాగే వెళ్తామన్నారు.

అద్దం మీద ఫాస్టాగ్ గీకేయబోతుంటే మావారు ఆపారు. వాళ్లకి కొత్తది ఇంకా రాలేదు, లేకపోతే టోలు దగ్గర ఎక్కువ కట్టాలి, ఈ ఒక్క పూటకీ ఉండనీ, రేపు మూయిద్దాం అన్నారు. ఆయన ఖాతాలోంచే పోయేది కాబట్టి సరేనన్నాను.

బండి సందు తిరిగి బందరు రోడ్డు ఎక్కింది. మేం పైకి వచ్చాం. నేను టీ పెట్టాను. ఆయన టీవీ పెట్టుకుని, చూడకుండా, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నారు. దాదాపు గంటకి ఫోన్ మోగింది. చూసి, "దావులూరు టోలు దాటారు" అన్నారు.

కాసేపాగి, "పామర్రు దగ్గర ఎడమవైపు గుంట ఉంటుందని చెప్పానా వాడికి?" అన్నారు.

చెప్పారు, రెండుసార్లు, అన్నాను.